మెమరీ కార్డు వేశాక ‘ఫోన్ స్టోరేజీ’ నొక్కాలా, ‘పోర్టబుల్’ నొక్కాలా? అసలు కార్డులో ఏవి పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నాన్నగారి ఫోన్ 64 జీబీది, నిండిపోయి రోజూ ‘స్టోరేజీ అయిపోతోంది’ అని చూపిస్తోంది. 128 జీబీ కార్డు తెచ్చి వేస్తే ఫోన్ స్టోరేజీగా వాడాలా, పోర్టబుల్ స్టోరేజీగా వాడాలా అని అడిగింది, ఏది నొక్కాలో తెలియక ఆపేశారు. యాప్స్, వాట్సాప్ మొత్తం కార్డులోకి వెళ్లిపోతాయా, కార్డులు ఊరికే పాడైపోతాయంటారు నిజమేనా అని కూడా అడిగారు.

పోర్టబుల్ నొక్కండి, అంటే కార్డు ఫోన్ మెమరీలో కలిసిపోకుండా విడిగా ఉంటుంది. ఫార్మాట్ చేయమంటే చేసేయండి, కొత్త కార్డే కాబట్టి పోయేదేమీ లేదు. ఫోటోలు, వీడియోలు, పాటలు, సినిమాలు, పీడీఎఫ్‌లు అందులోకి పంపండి. యాప్స్ మాత్రం ఫోన్‌లోనే ఉండనివ్వండి. వాట్సాప్ కార్డులోకి వెళ్లదు, దానికి వేరే పద్ధతి ఉంది, కింద చెబుతాను. కార్డులు పాడవడం నిజమే, అందుకే ఏ ఫోటో అయినా కార్డులో ఒక్కచోటే ఉండకూడదు. ఇంకో కాపీ మరెక్కడో ఉండాలి. మెమరీ కార్డు ఇంట్లో అటక లాంటిది. పండక్కో పబ్బానికో దింపే గంగాళాలు అక్కడ పెడతాం గానీ, రోజూ అన్నం వండే గిన్నె అటక మీద పెట్టం కదా.

నేను ఖమ్మంలో ఫోన్ల సర్వీసు షాపు నడుపుతాను. పోయిన డేటా తీసివ్వడం మా పనిలో పెద్ద భాగం. కాబట్టి కార్డుల మంచీ చెడూ చాలా దగ్గరగా చూశాను. కొంచెం పొడవుగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ‘ఫోన్ స్టోరేజీ’ ఆప్షన్ సంగతి. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పుడు గూగుల్ దీన్ని పెట్టింది. అప్పట్లో తక్కువ ధర ఫోన్లంటే 8 జీబీ, 16 జీబీవే. నాలుగు యాప్స్ వేస్తే నిండిపోయేవి. కార్డును ఫోన్ సొంత మెమరీలో కలిపేస్తే జనానికి ఇబ్బంది తప్పుతుందన్నది వాళ్ల ఉద్దేశం, ఆ రోజులకి సబబే. అయితే అలా కలుపుకొనేటప్పుడు ఫోన్ ఆ కార్డును మొత్తం చెరిపేసి, కొత్తగా ఫార్మాట్ చేసి, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే లోపలిదంతా రహస్య తాళం వేసినట్టు చేసేస్తుంది. దాన్ని విప్పే కీ ఆ ఫోన్ లోపలే దాచి ఉంటుంది, బయట ఎక్కడా ఉండదు, మీ గూగుల్ ఖాతాలో కూడా ఉండదు. అంటే ఆ కార్డు ఆ ఒక్క ఫోన్‌లోనే పనిచేస్తుంది. ఫోన్ పోయినా, బోర్డు చచ్చినా, ఆఖరికి ‘స్లో అయింది’ అని ఎవరో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా, కార్డులో ఉన్నదంతా శాశ్వతంగా పోయినట్టే.

ఇది మాటల్లో చెబితే చాలామందికి పట్టదు. ఒకసారి మా షాపుకి ఒక పెద్దావిడ వచ్చారు. ఫోన్ నీళ్ల తొట్టిలో పడింది, చాలాసేపు ఎవరూ చూసుకోలేదు, బోర్డు మీద చిప్పుల కింద దాకా తుప్పు పట్టేసింది. కార్డు మాత్రం చెక్కుచెదరలేదు. “ఫోన్ పోతే పోయింది బాబూ, మనవరాలి ఫోటోలన్నీ కార్డులోనే ఉన్నాయి, అవి తీసిస్తే చాలు” అన్నారు ధీమాగా. రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌కి తగిలిస్తే ‘వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అంది విండోస్. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే మొదట్లో 16 ఎంబీ ముక్క ఒకటి, దాని పక్కన మిగతా కార్డంతా పేరూ ఊరూ లేని ఒకే పార్టిషన్. ఆ 16 ఎంబీ ముక్క కనిపించిందంటే కార్డును ఫోన్ స్టోరేజీగా కలిపేశారని అర్థం. కార్డు బాగానే ఉంది, ఫోటోలు అందులోనే ఉన్నాయి, కానీ కీ చచ్చిన బోర్డులో ఉంది. ఆ బోర్డును లేపాలని చేయగలిగిందంతా చేశాం, లేవలేదు. ఫోటోలు కళ్లముందే ఉన్నా తీసివ్వలేనని ఆవిడకి చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఫోన్ కొన్నరోజు ఎవరో ఆ స్క్రీన్ మీద తొందరలో మొదటి ఆప్షన్ నొక్కేసి ఉంటారు, అంతే.

అదే కార్డు పోర్టబుల్‌గా ఉండి ఉంటే తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే సరిపోయేది.

రెండో కారణం వేగం. కార్డు ప్యాకెట్ మీద సెకనుకు 150 ఎంబీ, 170 ఎంబీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ వేగం కంపెనీ వాళ్ల ప్రత్యేకమైన రీడర్‌తో వచ్చేది. మన ఫోన్లు కార్డుతో డేటా మార్చుకునే యూహెచ్‌ఎస్-1 అనే పద్ధతికి గరిష్ఠమే 104 ఎంబీ, అది కూడా కాగితం మీద లెక్క. పైగా అసలు తేడా పెద్ద ఫైళ్లలో కాదు, చిన్న చిన్న ముక్కల్లో ఉంది. సినిమా చూసేటప్పుడు ఫోన్ ఒకే ఫైలును వరసగా చదువుకుంటూ పోతుంది, అది ఏ కార్డుకైనా సులువే. యాప్ అలా కాదు. ఒక్కసారి తెరిస్తే వందల చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి చదువుతుంది, రాస్తుంది. ఫోన్ లోపలి మెమరీకి అది అలవాటైన పని, కార్డు అక్కడే ఆయాసపడుతుంది. అందుకే యాప్స్ కార్డులోకి పంపిన ఫోన్లలో స్క్రీన్ నొక్కితే రెండు సెకన్లు ఏమీ జరగదు, కీబోర్డు ఆలస్యంగా లేస్తుంది, ఇంట్లోవాళ్లు ఫోన్ పాడైందనుకుంటారు. షాపుకి తెస్తారు. మేం కార్డు తీసేసి చూపిస్తే ఆశ్చర్యపోతారు.

అన్ని ఫోన్లలో ఈ ప్రశ్న రాదు కూడా. శామ్‌సంగ్ ఫోన్లలో మామూలుగా ఫోన్ స్టోరేజీగా కలిపే ఆప్షన్ కనిపించదు, పోర్టబుల్‌గానే పెట్టుకుంటుంది. మోటొరోలా, నోకియా ఫోన్లలో చాలావాటికి అడుగుతుంది. మీకు అడిగిందంటే నాన్నగారిది ఆ రకం ఫోన్ అయి ఉంటుంది.

ఇప్పటికే ఫోన్ స్టోరేజీ నొక్కేసినవాళ్లు ఇది చదివి టెన్షన్ పడొద్దు, కార్డును మాత్రం లాగేయొద్దు. ముందు అందులోని ఫోటోలు, వీడియోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఫోన్ ఆన్‌లో ఉన్నంతవరకు కేబుల్ ద్వారా అన్నీ మామూలుగానే కనిపిస్తాయి. తర్వాత కార్డులో ఉన్న యాప్స్‌ని సెట్టింగ్స్‌లో ఒక్కొక్కటిగా ఫోన్‌లోకి వెనక్కి తెచ్చుకోండి. అవన్నీ అయ్యాక స్టోరేజీ సెట్టింగ్స్‌లో కార్డు పేరు నొక్కి పోర్టబుల్‌గా ఫార్మాట్ చేయండి. ఫోన్‌లో చోటు చాలక యాప్ వెనక్కి రానంటే దాన్ని తీసేసి ప్లే స్టోర్ నుంచి మళ్లీ వేసుకోవడమే. అందులో మీరు రాసుకున్న లెక్కలు, నోట్సు లాంటివి ఉంటే తీసేయకముందే బ్యాకప్ చూసుకోండి. ఆ మెనూలోనే ఎక్కడో ‘ఫర్‌గెట్’ అని ఉంటుంది, అది నొక్కొద్దు. నొక్కితే ఫోన్ ఆ కార్డు కీని మర్చిపోతుంది.

ఇక పోర్టబుల్‌గా పెట్టాక చోటు ఎలా ఖాళీ చేయాలో చూద్దాం. నాన్నగారి వయసువాళ్ల ఫోన్లు తెరిస్తే సగం దాకా వాట్సాపే ఉంటుంది, అందుకని అక్కడ మొదలుపెట్టండి. వాట్సాప్ తన ఫోటోలు, వీడియోలు కార్డులో దాచుకునే ఏర్పాటు ఇవ్వదు. ఏ సెట్టింగూ లేదు, వెతికి టైం వృథా చేసుకోవద్దు. ఆ ఫోల్డరు మొత్తం కట్ చేసి కార్డులో పేస్ట్ చేస్తే పనైపోతుందని కొన్ని వీడియోల్లో చెబుతారు. అలా చేస్తే చాట్‌లో ఫోటోలు మసకబారిపోయి డౌన్‌లోడ్ గుర్తు చూపిస్తాయి. నొక్కితే ‘పంపినవారిని మళ్లీ పంపమనండి’ అంటుంది. పైగా ఆ ఫోల్డరులోనే డేటాబేసెస్ అని ఒకటి ఉంటుంది. మెసేజీల బ్యాకప్ అదే, దాన్ని కదపకూడదు.

నేను చేసే పద్ధతి ఇదీ. ముందు వాట్సాప్‌లోనే సెట్టింగ్స్, స్టోరేజీ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజీకి వెళ్లండి. 5 ఎంబీ దాటినవి, ఎన్నోసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. గుడ్ మార్నింగ్ వీడియోలు, పండగ శుభాకాంక్షలు, గ్రూపుల్లో తిరిగే రాజకీయాల వీడియోలు అక్కడే పోగుపడి ఉంటాయి, అవి ధైర్యంగా చెరిపేయండి. కార్డు అవసరం లేకుండానే చాలా చోటు వస్తుంది. ఆ తర్వాత ఇంట్లో వాళ్ల ఫోటోలు, పెళ్లిళ్ల వీడియోలు మిగులుతాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఇవి ఫోన్‌లో ఆండ్రాయిడ్ అనే ఫోల్డరులో, మీడియాలో, వాట్సాప్ పేరుతో ఉన్న ఫోల్డరులోకి చేరాయి. పాత ఫోన్లలో అయితే బయటే వాట్సాప్ అని కనిపిస్తుంది. అక్కడినుంచి ఇమేజెస్, వీడియో ఫోల్డర్లను కార్డులోకి కాపీ చేయండి, కట్ చేయొద్దు. కాపీ అయ్యాక కార్డులోంచి మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి తెరిచి చూడండి. తెరుచుకుంటే అప్పుడు ఫోన్‌లోవి తీసేయండి. తీసేశాక చాట్‌లో అవి మసకగానే కనిపిస్తాయి, చూడాలంటే కార్డులోని కాపీయే తెరవాలి. కట్ కొట్టినప్పుడు మధ్యలో ఫోన్ ఆగిపోయినా, కార్డు కొద్దిగా కదిలినా కొన్ని ఫైళ్లు ఇటూ ఉండవు అటూ ఉండవు, అలాంటివి మా దగ్గరికి తరచుగా వస్తాయి.

కాపీ చేస్తే కొన్ని ఫోన్లలో ఫైళ్ల తేదీ మారి, పాత ఫోటోలన్నీ ఈరోజు తీసినట్టు గ్యాలరీలో పైకి వస్తాయి. కంగారు పడక్కర్లేదు. వాట్సాప్ ఫోటో పేరులోనే తేదీ ఉంటుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, ఆపైన డబ్ల్యూఏ అని ఒక నంబరు. పేరు వరసలో పెట్టుకుంటే క్రమం దొరుకుతుంది. అన్నీ అయ్యాక వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోలు ఆపేయండి, లేకపోతే కొన్నాళ్లకి మళ్లీ ఇదే పని.

కెమెరా సంగతికొస్తే, చాలా ఫోన్లలో కెమెరా సెట్టింగ్స్‌లో ఫోటోలు నేరుగా కార్డులోకి వెళ్లేలా పెట్టుకోవచ్చు. నాన్నగారి లాంటివాళ్లకి అది సౌకర్యంగానే ఉంటుంది, ప్రతిసారీ మార్చే బాధ ఉండదు. నేను మాత్రం ఫోన్‌లోకే తీసి, నెలకోసారి కార్డులోకి, కంప్యూటర్‌లోకి పంపుతాను. 4కే వీడియో నిమిషానికి 350 ఎంబీ దాకా ఉంటుంది. చౌక కార్డు ఆ ధాటికి తట్టుకోలేక మధ్యలో రికార్డింగ్ ఆపేస్తే తాళి కట్టే ఘట్టం మళ్లీ తీయలేం. పోర్టబుల్ కార్డులో పెట్టినవి గ్యాలరీలో ఫోన్‌లోవాటితో కలిసే కనిపిస్తాయి, నాన్నగారు వెతుక్కునే పని ఉండదు. ఫోన్‌లో ఉన్నవి కార్డులోకి పంపడానికి గూగుల్ వారి ఫైల్స్ యాప్ పెద్దవాళ్లకి కూడా తేలిక. అందులో ఎంచుకుని ‘మూవ్ టు ఎస్‌డీ కార్డ్’ అంటే సరిపోతుంది.

యూట్యూబ్, స్పాటిఫై, ప్రైమ్ వీడియో, నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఆఫ్‌లైన్‌లో దాచుకునేవాటిని కార్డులో పెట్టమని వాటి సెట్టింగ్స్‌లోనే చెప్పుకోవచ్చు. కార్డుకి తగిన పని ఇదే: బరువైనవి, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగినవి, వరసగా చదివేవి. ఒక్క జాగ్రత్త, ఆ యాప్‌ని తీసేస్తే కార్డులో అది దాచుకున్న ఫోల్డరు కూడా పోతుంది. అందుకని కార్డులో ఆండ్రాయిడ్ ఫోల్డరు లోపల ఉన్న డేటా ఫోల్డర్లలో మీ సొంత ఫోటోలేవీ పెట్టొద్దు. మీ పేరుతో ఒక ఫోల్డరు పైనే తయారుచేసుకోండి.

యాప్స్ గురించి ఒక్కమాట. శామ్‌సంగ్ లాంటి కొన్ని ఫోన్లలో పోర్టబుల్ కార్డుకి కూడా కొన్ని యాప్స్‌ని పంపే మీట ఉంటుంది. పంపినా వెళ్లేది యాప్‌లో ఒక భాగమే, దాని డేటా ఫోన్‌లోనే ఉంటుంది, కాబట్టి అనుకున్నంత చోటు రాదు. అప్‌డేట్ వచ్చినప్పుడు చాలాసార్లు వెనక్కి ఫోన్‌లోకే వచ్చేస్తుంది. పెద్ద గేమ్ ఒకటీ అరా అయితే పంపి చూడండి గానీ బ్యాంకు యాప్స్, కీబోర్డు, అలారం, స్క్రీన్ మీద విడ్జెట్లు పెట్టేవి ఎప్పుడూ పంపొద్దు. కార్డు ఒక్క క్షణం తెగితే అలారం మోగదు.

కార్డు కొనేటప్పుడు చూడాల్సింది ఎన్ని జీబీ అన్నదొక్కటే కాదు. కార్డు మీద చిన్నగా ఏ1 అని ఉందో లేదో చూడండి. సెకనుకు కనీసం 1500 చిన్న ముక్కలు చదవగలదు, 500 రాయగలదు అని దాని హామీ. ఏ2 అంటే 4000, 2000. కానీ ఏ2 ఆ వేగం ఇవ్వాలంటే ఫోన్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. లేకపోతే ఏ1 కంటే మెరుగేమీ ఉండదు, అనవసరంగా ఎక్కువ డబ్బు పెట్టినట్టు. వీడియోలు తీసేవాళ్లు యూ3 లేదా వీ30 గుర్తు ఉన్నది తీసుకోవాలి, రెండింటి అర్థం సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుందనే. నాన్నగారికి ఏ1, యూ3కి కింది మెట్టయిన యూ1 చాలు. 128 జీబీ కార్డు ఫోన్‌లో 119 జీబీ అని చూపిస్తే మోసం అనుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, ఫోన్ 1024తో లెక్కిస్తుంది, అంతే తేడా.

అసలు మోసం వేరే ఉంది. 512 జీబీ, 1 టీబీ అని రాసి నమ్మలేనంత చవకగా అమ్మే కార్డులు. లోపల ఉండేది 16 జీబీయో 32 జీబీయో. కార్డును నడిపే కంట్రోలర్ అనే చిప్పు చేత ఫోన్‌కి అబద్ధం చెప్పిస్తారు. మొదట్లో అంతా బాగానే ఉంటుంది, అక్కడే జనం మోసపోతారు. అసలు చోటు నిండాక కొత్తగా రాసింది ఎక్కడికీ వెళ్లదు, లేదా పాతవాటి మీదే రాసేస్తుంది. ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, సైజు కనిపిస్తుంది, ఫోటో నొక్కితే పైన సగం ఫోటో కింద సగం బూడిద రంగు. ఒక కుర్రాడు పాప అన్నప్రాసన వీడియోలన్నీ అలాంటి కార్డులో పెట్టి, ఫోన్‌లోవి చెరిపేసి తెచ్చాడు. అలాంటి కార్డులోంచి తీయడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే అవి ఎప్పుడూ అందులో రాయబడనేలేదు.

అందుకని కొత్త కార్డు కొన్న వెంటనే, రిటర్న్ గడువు దాటకముందే పరీక్షించండి. విండోస్ కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో, మ్యాక్‌లో ఎఫ్3 అనేవి ఉన్నాయి, రెండూ ఉచితం. కార్డు నిండా డేటా రాసి, మళ్లీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తాయి. 128 జీబీకి రెండు మూడు గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకోండి. మీరు తెచ్చిన కార్డుకి కూడా ఫోటోలు ఎక్కించేముందు ఈ పని చేయండి. బిల్లు దాచుకోండి. పేరున్న కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి గానీ అది కార్డుకే, అందులో ఉన్న ఫోటోలకి కాదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. కార్డులు పాడవుతాయా అంటే, అవుతాయి. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గడి మీద ఇన్నిసార్లే రాసి చెరపగలం, ఆ తర్వాత అది అరిగిపోతుంది. ఫోన్ లోపల ఉన్నదీ ఫ్లాష్ మెమరీయే, కానీ దాన్ని నడిపే కంట్రోలర్ గట్టిది. గోరంత కార్డులో పెట్టే కంట్రోలర్‌కి అంత స్తోమత ఉండదు. ఊళ్లో నాటకాల పిచ్చి ఉన్న ఒక మాస్టారు పద్యాలన్నీ ఒక 8 జీబీ కార్డులో ఎప్పుడో ఎక్కించుకున్నారు, ఇప్పటికీ అది రెండు మూడు ఫోన్లు మారి పాడుతూనే ఉంది. ఎందుకంటే దాని మీద కొత్తగా రాసేది లేదు, చదవడమే. అదే సీసీ కెమెరాలోనో కారు డ్యాష్‌క్యామ్‌లోనో మామూలు కార్డు వేస్తే త్వరగా పోతుంది, పగలూ రాత్రీ రాస్తూనే ఉంటుంది కాబట్టి. వాటికోసం హై ఎండ్యూరెన్స్ అని వేరే కార్డులు అమ్ముతారు.

పోయేముందు కార్డు కొన్ని సూచనలు ఇస్తుంది. గ్యాలరీ తెరవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది. ‘ఎస్‌డీ కార్డ్ తీసివేయబడింది’ అని తీయకుండానే చూపిస్తుంది. అన్నిటికంటే స్పష్టమైన గుర్తు ఒకటుంది: మీరు చెరిపేసిన ఫోటోలు ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాక తిరిగి కనిపిస్తాయి, ఫార్మాట్ చేసినా అన్నీ అలాగే ఉంటాయి. దయ్యం పట్టిందనుకుంటారు కొందరు. కార్డు తన పని అయిపోయిందని గుర్తించి, ఇక రాయనివ్వకుండా చదవడానికి మాత్రమే ఒప్పుకుంటున్నదన్నమాట. అది నిజానికి మీ అదృష్టం. ఆ రోజే మొత్తం కాపీ చేసుకుని కార్డును పక్కన పెట్టేయాలి.

‘కార్డు పాడైంది, సరిచేయడానికి నొక్కండి’ అని ఫోన్ చూపించినప్పుడు నొక్కొద్దు. ఆ మీట చాలాసార్లు ఫార్మాట్ దగ్గరికే తీసుకెళ్తుంది. ఫోన్ ఆపి, కార్డు తీసి, రాగి రేకుల్లా కనిపించే కాళ్లని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, రీడర్‌తో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. చాలాసార్లు తప్పు కార్డుది కాదు, ఫోన్ ట్రేది, కంప్యూటర్‌లో మామూలుగా తెరుచుకుంటుంది. తెరుచుకోకపోయినా కంప్యూటర్ కార్డు సైజు సరిగ్గా చూపిస్తుంటే ఆశ ఉంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫోటోలు, వీడియోలు బాగా ఏరుతుంది. ఏరినవాటిని అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లోనే దాచాలి. పొరపాటున చెరిపేసినవాటికీ ఇదే వైద్యం, కాకపోతే చెరిపిన క్షణం నుంచి ఆ కార్డులో కొత్త ఫోటో ఒక్కటి కూడా పడకూడదు. కంప్యూటర్ కార్డును అసలు గుర్తించకపోతే, లేదా సైజు సున్నా చూపిస్తే, ఇంట్లో చేయగలిగేదేమీ లేదు. మా లాంటి చోట్ల కూడా కొన్నిటికే ఫలితం వస్తుంది, ఖర్చు కార్డు ధరకి ఎన్నో రెట్లు అవుతుంది.

ఫోన్ ఆన్‌లో ఉండగా సిమ్ పిన్నుతో ట్రే లాగడం కార్డులు చెడడానికి పెద్ద కారణం. సెట్టింగ్స్‌లో ఎజెక్ట్ కొట్టి తీయండి, లేదా ఫోన్ ఆపి తీయండి. పాత ఫోన్లో, టీవీలో, కారు స్టీరియోలో 64 జీబీ, అంతకంటే పెద్ద కార్డు పాడైందని చూపిస్తే అది పాడవడం కాదు, ఆ పరికరానికి పెద్ద కార్డుల్లో ఫైళ్లు అమర్చే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ చదవడం రాకపోవచ్చు. దీనికి తిరగేసిన ఇబ్బంది 32 జీబీ, అంతకంటే చిన్న కార్డుల్లో వస్తుంది. అవి ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటాయి, ఒక్కో ఫైలు 4 జీబీ దాటితే ఎక్కదు. చోటు ఎంత ఖాళీగా ఉన్నా పెళ్లి వీడియో కాపీ కావడం లేదని వచ్చేవాళ్లది ఈ సమస్యే.

పోర్టబుల్ కార్డుకి ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలి. దానికి లాక్ ఉండదు. ఫోన్‌కి వేలిముద్ర, పిన్ను ఎన్ని పెట్టినా, కార్డు తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే అన్నీ బయటపడతాయి. ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫోటోలు, ఆసుపత్రి రిపోర్టులు కార్డులో పెట్టొద్దు, ఫోన్‌లోనే ఉంచండి. సర్వీసుకి ఎక్కడ ఇచ్చినా కార్డు, సిమ్ తీసి జేబులో పెట్టుకుని ఫోన్ ఇవ్వండి. మా షాపులోనూ మేమే అడిగి తీయించి చేతికిస్తాం. శామ్‌సంగ్‌లో కార్డును ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ విడిగా ఉంటుంది. అది పెట్టుకుంటే మాత్రం రీసెట్ చేసేముందు తప్పకుండా డీక్రిప్ట్ చేయాలి, లేకపోతే పైన చెప్పిన పెద్దావిడ పరిస్థితే.

రెండో కాపీ ఎక్కడ అంటే, గూగుల్ ఫోటోస్‌లో అపరిమితంగా ఉచితంగా పెట్టుకోవడం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే లెక్క. అందుకని మంచి ఫోటోలు ఏరి అందులో పెట్టి, మిగతావి ఇంట్లో కంప్యూటర్‌లోనో, హార్డ్ డిస్క్‌లోనో వేయండి. కంప్యూటర్ లేకపోతే ఒక టైప్-సీ పెన్‌డ్రైవ్ కొని ఫోన్‌కే తగిలించి కాపీ చేసి బీరువాలో పెట్టండి, ఏడాదికి రెండుమూడు సార్లు బయటికి తీసి తెరిచి చూస్తుండండి.

చివరగా, ట్రే ఒకసారి చూసుకోండి. చాలా ఫోన్లలో రెండో సిమ్ పెట్టే చోటే కార్డు కూడా పెట్టాలి, రెండూ ఒకేసారి కుదరవు. నాన్నగారి రెండో సిమ్ బ్యాంకుకి లింక్ అయి ఉంటే ఓటీపీలు రావడం ఆగిపోతుంది, ఈ సంగతి కార్డు వేసిన చాలా రోజులకి గానీ తెలియదు. అలా అయితే ఆ నంబరును ఈ-సిమ్‌గా, అంటే ట్రేలో పెట్టక్కర్లేని సిమ్‌గా, మార్చుకోవచ్చేమో ఫోన్ చూసుకోండి, కుదరకపోతే కార్డు బదులు ఆ పెన్‌డ్రైవ్ పద్ధతే మేలు. వచ్చేసారి ఫోన్ కొనేటప్పుడు కార్డు మీద ఆధారపడి తక్కువ స్టోరేజీది తీసుకోకండి, 128 జీబీ ఉన్నది చూడండి. ఖరీదైన ఫోన్లలో ఇప్పుడు కార్డు స్లాటే ఉండటం లేదు. శామ్‌సంగ్ ఎస్ సిరీస్‌లో 2021లో వచ్చిన ఎస్21తో తీసేశారు, పిక్సెల్ ఫోన్లకి ఎప్పుడూ లేదు.

ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, కార్డు మీద ఉన్న గుర్తులు కింద రాయండి, ఏ మెనూలో ఏది నొక్కాలో దానికి తగ్గట్టు చెబుతాను.